పూడిన నూతులను మళ్లీ తవ్విన ఈసాకు

(ధ్యానించవలసిన భాగం: ఆదికాండము 26: 12–33)



తపస్సుకాలం వచ్చిందని మన ప్రాంతంలో రెండు గుర్తులు తెలియజేస్తాయి. దేవాలయంలో ఊదారంగు వస్త్రాలు కనిపిస్తాయి. ఇంటి దగ్గర నూతి చేంతాడుకు మరో రెండు బారలు జత చేయవలసి వస్తుంది. జీడిపూత పిందెకు తిరిగే ఈ రోజుల్లోనే, యాకోబు బావి దగ్గర ప్రభువు సమరీయ స్త్రీని నీళ్లడిగిన సువిశేషాన్ని మనం ధ్యానిస్తాము. ప్రసంగాలలో ఆమె జీవితాన్ని గూర్చి, జీవజలాన్ని గూర్చి చెప్పుకుని, ఆ బావిని మాత్రం అక్కడే వదిలి వచ్చేస్తాము. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. ఆమె మాత్రం బావిని వదలలేదు. అది ఎంత లోతైనదో, దానిని తమకు ఇచ్చిన పితరుడు ఎవరో, ఆయన కుటుంబమూ పశువులూ అందులోని నీరే తాగిన సంగతీ ప్రభువుతో చెప్పింది. తాను తోడుకునే నీరు వెనక ఎవరి చెమట ఉన్నదో ఎరిగిన మనిషి ఆమె.

ఈ వారం ఆ బావిని గూర్చే రాద్దామని కూర్చున్నాను. అందుకు ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న కారణం.

నిమ్మాడ కూడలి దిగి లోపలికి వెళ్లే దారిలో ఒక చిన్న ఊరు ఉన్నది. ఊరి పక్కన గెడ్డ. గెడ్డకు అడ్డంగా ఏనాడో కట్టిన చెక్ డ్యాం. గోడ చెక్కుచెదరలేదు గాని వెనక భాగమంతా ఒండ్రు మట్టితో నిండిపోయి, దానిమీద తుంగ మొలిచి, మేకలు మేస్తున్నాయి. దివ్యబలిపూజ అయిన తరువాత యువకులు నలుగురు వచ్చి, వానలకు ముందే ఆ పూడిక తీద్దామనీ, విచారణ తరఫున ఒక మాట సాయం చేయమనీ అడిగారు. మంచి ఆలోచనే. పక్కనే వింటున్న పెద్దాయన ఒకరు తలపాగా విప్పి దులుపుకుంటూ అన్నారు: “మనం ఎండలో మట్టి మోసి నీరాపితే, ఆ నీరు బూమిలోకి దిగిపోయి దిగువూరోళ్ల నూతుల్లో తేల్తాది ఫాదరు. మనకేటి లాభం?”

యువకులు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆయన చెప్పినది చాలావరకు నిజం.

మన నేల సంగతి ఒకసారి చూడండి. మహేంద్రగిరి వైపు కొండలకూ బంగాళాఖాతానికీ నడుమ మనది సన్నటి పట్టీలాంటి ప్రాంతం. శ్రీకాకుళం జిల్లాలో సాలున 1,100 మిల్లీమీటర్లకు పైగా వర్షం పడుతుంది. ఇది కరువు సీమ వర్షం కాదు. అయినా మార్చి, ఏప్రిల్ నెలలు వచ్చేసరికి నూతులు అడుగంటుతాయి. కొండమీద పడిన వాన గెడ్డలో పడి, ఒకటి రెండు రోజుల్లో సముద్రంలో కలిసిపోవడమే ఇందుకు కారణం. భూమి నీరు తాగాలంటే వ్యవధి కావాలి. పరుగెత్తే నీటిని భూమి తాగలేదు. గెడ్డకు అడ్డంగా కట్టే చిన్న గోడ చేసే పని ఇంతే: నీటి పరుగును తగ్గించి, భూమికి తాగే వ్యవధి ఇవ్వడం. అలా ఆగిన నీరు పై మట్టిలోంచి చివికిన రాతిలోకి, అక్కడినుంచి గట్టిరాతి పగుళ్లలోకి దిగి, వాలును బట్టి మెల్లగా కదిలి, ఎక్కడో ఒక నూతిలో ఊటగా తేలుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. గట్టు వెనక నిండుగా నిలిచిన నీటిని చూసి సంతోషిస్తాము. నాయకులు అక్కడే నిలబడి ఫోటో తీయించుకుంటారు. కాని భూమిలోకి నీరు దించడానికి కట్టిన గట్టు వెనక నీరు నెలల తరబడి కదలకుండా నిలిచి ఉన్నదంటే, అడుగున మెత్తటి ఒండ్రు పేరుకుని భూమి నోరు మూసుకుపోయిందేమో అని అనుమానించాలి. అలా నిలిచిన నీటిలో చాలా భాగం ఎండకు ఆవిరైపోతుంది. వాన వెలిసిన కొద్ది రోజులకే నీరు దిగిపోయి ఖాళీగా కనిపించే గట్టే తన పని తాను చేసినట్టు. కనిపించకుండా పోయిన నీరే ఉపకారమైన నీరు. కుడి చేయి ఇచ్చినది ఎడమ చేతికి తెలియనివ్వవద్దని ప్రభువు కొండమీద బోధించినప్పుడు (మత్తయి 6) ఎలాంటి దానాన్ని మనసులో ఉంచుకున్నాడో, ఆ గెడ్డ దగ్గర నిలబడినప్పుడు నాకు కొంచెం అర్థమయింది. ఆ నీరు ఏ నూతిలో తేలుతుందో ఇచ్చినవాడికి తెలియదు. తోడుకున్నవాడికీ అది ఎవరిచ్చారో తెలియదు.

పెద్దాయన ప్రశ్నకు ఇంతమాత్రం జవాబు చాలదు. పుణ్యం వస్తుందని చెప్పి ఊరుకుంటే, ఎండలో మట్టి మోసేవాడికి అది తేలిక మాటగానే ఉంటుంది. అందుకే ఈసాకు దగ్గరకు వెళ్దాము.

ఈసాకు నివసించిన గెరారు, బేర్షెబా ప్రాంతం ఎండు నేల. బేర్షెబాలో ఏడాదికి పడే వాన సుమారు 200 మిల్లీమీటర్లు మాత్రమే, అంటే మన జిల్లాలో పడే వానలో అయిదో వంతు కూడా లేదు. అటువంటి చోట నుయ్యి ఉంటే బ్రతుకు ఉన్నట్టు. అబ్రహాము కాలంలో ఆయన సేవకులు తవ్విన నూతులను ఫిలిస్తీయులు మట్టితో పూడ్చివేశారని పరిశుద్ధ గ్రంథం చెబుతున్నది. కారణం అసూయ. ఆ నీరు వారికీ పనికివచ్చేదే. అయినా పొరుగువాడికి దక్కకుండా ఉంటే చాలని, తమకూ లేకుండా చేసుకున్నారు. ఈ వెర్రితనం ఆ కాలంతోనే పోయిందని చెప్పలేను. గట్టు తగాదాలతో కాలువలు పూడ్చుకున్న ఊళ్లు మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఈసాకు ఏమి చేశాడు? తండ్రి తవ్విన నూతులనే మళ్లీ తవ్వించాడు. వాటికి తండ్రి పెట్టిన పేర్లే తిరిగి పెట్టాడు. ఇది అబ్రహాము ప్రయాణంలాగ గొప్ప కథ కాదు. యాకోబు దేవదూతతో పెనుగులాడిన కథలాగ ఉత్కంఠ కలిగించేదీ కాదు. పితరుల ముగ్గురిలో ఈసాకును గూర్చి మనం తక్కువ చెప్పుకుంటాము. తండ్రికీ కొడుకుకీ నడుమ అణిగిపోయిన మనిషి ఆయన. కాని ఆయన చేసిన పని పూడిక తీయడం. ప్రారంభోత్సవాలు లేని, శిలాఫలకం మీద పేరు పడని పని. కొత్త గట్టు కట్టడానికి నిధులు వస్తాయి. పాత గట్టు వెనక ఒండ్రు తీయడానికి ఎవరూ రారు. ఆంధ్రప్రదేశ్‌లో 2000 సంవత్సరంలో నీరు–మీరు అన్నారు, 2015లో నీరు–చెట్టు అన్నారు. రెండు కాలాలలోనూ ఊరూరా పనులు జరిగాయి. వాటిలో ఎన్ని ఈనాడు నీటిని దించుతున్నాయో తెలియాలంటే, ఆ తరువాత ఏటేటా పార పట్టినవారు ఎవరని అడగాలి.

ఈసాకు తిరిగిన ఆ ఎడారి ప్రాంతంలోనే, నెగెవులో, తరువాతి కాలంలో నబాటీయులనే ప్రజలు ఎండిన వాగులకు అడ్డంగా వేలాది రాతి గట్లు కట్టారు. ఏడాదికి 100 మిల్లీమీటర్ల వాన పడడమే గగనమైన చోట, ఆ గట్ల వెనక తడిసిన మట్టిలో పంటలు పండించారు. బైజాంటియ చక్రవర్తుల కాలానికి అక్కడి ఊళ్లు క్రైస్తవ ఊళ్లయ్యాయి. షివ్తా అనే ఊరిలో మూడు దేవాలయాల శిథిలాలు ఈనాటికీ ఉన్నాయి. ఆ ఊరి నడుమ వాననీరు పట్టే రెండు పెద్ద తొట్లు ఉన్నాయి. తవ్వకాలలో అక్కడ కుండ పెంకులు దొరికాయి. వాటిమీద గ్రీకు అక్షరాలతో రాసినవి ప్రార్థనలు కావు, పద్యాలు కావు. ఫలానా వ్యక్తి నీటితొట్టి పనిలో తన వంతు శ్రమ చెల్లించాడని ఇచ్చిన రసీదులు! ఈ సంగతి మొదటిసారి చదివిన రోజున నేను చాలాసేపు దానిని గూర్చే ఆలోచించాను. ఆదివారం బలిపూజలో ఒకే రొట్టెను పంచుకున్నవారు, ఆ వారమే తొట్టిలో దిగి ఒకే బురద ఎత్తి ఉంటారు. ఎవరూ తప్పించుకోకుండా పెంకుమీద లెక్క ఉంచుకున్నారు. మన దేవాలయం పండుగ చందాల పుస్తకం లాంటిదే అనుకోండి, కాకపోతే అందులో రూపాయలకు బదులు పార, తట్ట.

ఇక మన తెలుగు నేలమీదికి వద్దాము. అనంతపురం జిల్లాలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అడుగున గట్టి రాయి. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాలలో అది ఒకటి. బార్సిలోనా నగరంలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్‌గారు 1952లో యేసుసభ సభ్యునిగా మన దేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతుల చేత నూతులు తవ్వించారు. 1968లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. 1969లో తిరిగి వచ్చి అనంతపురంలో స్థిరపడ్డారు. తరువాత యేసుసభను వీడి గృహస్థులయ్యారు. ఆయన నడిపిన గ్రామీణాభివృద్ధి సంస్థ ఆ జిల్లాలో వాగులకు అడ్డంగా చెక్ డ్యాములూ, నీరు ఇంకే చెరువులూ ఊరూరా కట్టించింది. 2009 జూన్ 19న ఆయన అక్కడే కన్నుమూశారు. ఆయన జీవితంలోని మలుపులను గూర్చి ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. ఆ ఎండు నేలలో నూతి దగ్గర నీరు తోడుకునే తల్లికి ఆ చర్చతో పనిలేదు.

అయితే అనంతపురం మనకు మరో పాఠం కూడా నేర్పింది, అది చేదు పాఠం. గట్టు కడితే నూతులలో నీరు పెరుగుతుంది. నీరు పెరిగిందని తెలియగానే బోర్లు పెరుగుతాయి. లోతుగా బోరు వేయగల స్తోమత ఉన్నవాడు అందరికోసం దిగిన నీటిని తాను ముందు లాగేసుకుంటాడు. పక్కనున్న పేదవాడి నుయ్యి ఎండిపోతుంది. వాడు అప్పు చేసి ఇంకా లోతుకు బోరు వేస్తాడు. అది పడకపోతే అప్పు మిగులుతుంది. రాయలసీమలో ఈ వరసన కుంగిపోయిన రైతు కుటుంబాలు ఎన్నో. ఈసాకు సేవకులకు ఊట దొరికిన మరుక్షణం గెరారు కాపరులు వచ్చి ఆ నీరు తమదన్నారు గుర్తుందా? ఆ నూతికి ఏసెకు అని పేరు పడింది, అంటే జగడం. రెండవదానికి సిత్నా, అంటే పగ. నీరు లేనప్పుడు కాదు, నీరు దొరికినప్పుడు జగడం వచ్చింది. పరిశుద్ధ గ్రంథానికి మన స్వభావం బాగా తెలుసు.

దీనికి మందు కూడా మన రైతులే కనిపెట్టారు. 2003 నుంచి కొన్నేళ్లపాటు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాలలో రైతులే భూగర్భజలాన్ని చూసుకునే పథకం ఒకటి నడిచింది. పెద్ద చదువులు లేని స్త్రీలూ పురుషులూ తమ ఊరి నూతులలో నీటిమట్టాన్ని కొలిచి రాసుకున్నారు. పడిన వానను కొలపాత్రలో చూసుకున్నారు. రెండో పంటకు ముందు అందరూ కూర్చుని, భూమిలో ఎంత ఉన్నది, వేయబోయే పంటలకు ఎంత కావాలి అని లెక్క కట్టారు. ఫలానా పంట వేయవద్దని ఎవరూ ఎవరినీ శాసించలేదు. లెక్క గోడమీద రాసి ఉన్నది, పక్కవాడి నుయ్యి కళ్లముందు ఉన్నది. చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. చట్టం కూడా లేకపోలేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం ఊరందరూ తాగే నీటి వనరుకు 250 మీటర్ల లోపల మరో బోరు వేయరాదు. ఈ సంగతి మన విచారణలలో ఎందరికి తెలుసో చేతులెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో!

తపస్సుకాలంలో ఉపవాసం గూర్చి మనల్ని మనం ప్రశ్నించుకుంటాము. శుక్రవారం మాంసం మానడం మంచిదే. మూడు ఎకరాల వరిలో ఒక ఎకరం మినుముకో ఉలవకో వదలడం, పక్కవాడి నూతికోసం మోటారు గంటసేపు ముందుగా కట్టేయడం, ఇవి కూడా ఉపవాసమే. పాపసంకీర్తనంలో నేను ఇంతవరకు ఒక్కరి నోటనైనా నీటి పాపం వినలేదు.

ఉద్దానంవైపు విశ్వాసులకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు తీరంలో మీది ఇసుక నేల. అక్కడ వాన పడిన చోటే ఇంకిపోతుంది. మా కొండవార గెడ్డలకు పనికివచ్చే గోడ మీకు అంతగా పనికిరాదు. ఎవరైనా వచ్చి అన్నిటికీ ఒకటే మందు అని చెక్ డ్యాం అమ్మజూపితే ఆలోచించండి. మీ కింద తియ్యటి నీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉన్నది. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు ఎత్తున తియ్యటి నీరు నిలబడితే, దాని బరువుకు కింద సుమారు నలభై అడుగుల వరకు ఉప్పునీరు వెనకకు తగ్గి ఉంటుంది. పైన ఒక అడుగు తోడేస్తే కింద ఉప్పు నలభై అడుగులు ఎక్కి వస్తుంది. మీ చెరువులనూ, ఇసుక దిబ్బలనూ, తోటలనూ కాపాడుకోవడమే మీ గట్టు.

ఆ ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధితో కుటుంబాలు మూడు దశాబ్దాలుగా పడుతున్న బాధ మనందరికీ తెలుసు. విచారణ గురువులకు అక్కడ అవస్థ అభ్యంగనం ఇచ్చిన ఇళ్లను లెక్కపెట్టడం కష్టం. నీరే కారణమని శాస్త్రజ్ఞులు నిశ్చయంగా తేల్చలేదు. కాబట్టి నూతినీరు పెరిగితే రోగం పోతుందని చెప్పడం అబద్ధమవుతుంది. బాధలో ఉన్నవారికి అబద్ధపు ఆశ చూపడం పాపం. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి 807 గ్రామాలకు మంచినీరు తెచ్చే సుజలధార పథకం ప్రారంభమయ్యాయి. పరిశుభ్రమైన తాగునీరు పొందడం మానవుని ప్రాథమిక హక్కు అని 2015లో పోపు ఫ్రాన్సిసుగారు లౌదాతో సీ లేఖలో బోధించారు. ఆ హక్కు గొట్టంలోనైనా ఇంటికి రావడం ఆనందమే.

గొట్టం వచ్చింది గదా, ఇక నూతులతో పనేమిటని ఒక తల్లి అడిగింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరం దాటిన తరువాతి రోజులు జ్ఞాపకం చేసుకోండి. కొబ్బరి, జీడి తోటలు నేలకూలి, స్తంభాలు పడిపోయి, రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు ఉన్న ఇంటికీ లేని ఇంటికీ భేదం పోయింది. ఆ రోజుల్లో చేంతాడు అందుకునే నుయ్యి విలువ ఎంతో తెలిసింది. గొట్టం ప్రభుత్వం వేసినది. నుయ్యి మన తాతలు వేసినది. రెండూ కావాలి.

ఇదంతా ఆ పెద్దాయనకు ఒక్కరోజులో చెప్పలేదు లెండి. రెండు ఆదివారాలు పట్టింది. ఈసాకు కథ ఆయనకు నచ్చింది. ముఖ్యంగా చివరి భాగం. జగడమాడిన చోటునుంచి తొలగి వెళ్లి ఈసాకు మూడవ నూతిని తవ్వితే దానికోసం ఎవరూ తగవు పడలేదు, దానికి రెహోబోతు, అంటే విశాలమైన చోటు, అని పేరు పెట్టాడు. ఆ తరువాత బేర్షెబాలో అబీమెలెకు తానే వచ్చి సంధి చేసుకున్నాడు. కలిసి భోజనం చేశారు. ఆ రోజే సేవకులు వచ్చి నీరు పడిందని చెప్పారు. అంతా విని పెద్దాయన అన్నారు: “కత బాగుంది బాబూ. మరి మన అబీమెలెకులు పార పట్టుకుని వస్తారేటి?”

అందుకని పోయిన బుధవారం ఉపదేశిగారూ నేనూ దిగువ ఊరికి వెళ్లాము. అక్కడ మన విచారణవారు రెండే కుటుంబాలు. మిగిలినవారు హిందూ సోదరులు. రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. విషయం చెప్పాము. మీ నూతులకు వచ్చే నీరు పైనుంచే దిగుతున్నదని వారికి కొత్తగా చెప్పనక్కరలేకపోయింది. పై గట్టు పూడిన ఏడాదినుంచే తమ నూతులు ఫాల్గుణంలోనే అడుగంటుతున్నాయని వారిలో ఒక పెద్దమ్మ చెప్పింది. “అడగలేకపోనాం బాబూ, మీ ఊరి గట్టు గదా” అన్నది. వచ్చే మట్టిలో సగం తమ పొలాలకు తోలుకుంటామన్నారు, అదీ న్యాయమే. చెరువు మట్టి చేలకు బలం. ఈస్టరు అయ్యాక, తమ అమ్మవారి సంబరానికి ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం నుంచి చూడమన్నారు.

ఎలీషా ప్రవక్త ఎండిన లోయలో గుంటలు తవ్వమన్నప్పుడు ఆకాశంలో మబ్బు లేదు (2 రాజులు 3). గాలి వీయకముందే, వాన కనిపించకముందే తవ్వారు. నైరుతి వానలు జూన్‌లో గాని రావు. ఏప్రిల్, మే నెలలు మన చేతిలో ఉన్నాయి.

ఉపదేశిగారు నోటు పుస్తకంలో పేర్లు రాసుకుంటున్నారు. నిన్నటికి మన ఊరినుంచి ఇరవై మూడు, దిగువ ఊరినుంచి పద్నాలుగు. పెద్దాయన పేరు ఇంకా అందులో లేదు. ఆయన కొడుకు పేరు ఉన్నది. నిన్న సాయంత్రం మనుమడి చేత ఆయన కబురు పంపారు, తట్టలు ఎన్ని తేవాలో చెప్పమని.